చేత్తో మేజోళ్ళు అల్లడం: మొదటి జత కోసం సమగ్ర మార్గదర్శి

మఫ్లర్లు చకచకా అల్లేసేవాళ్ళు కూడా మేజోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. "మడమ తిప్పడం నావల్ల కాదు" అంటారు. నేనూ అదే భయంతో రెండేళ్ళు మఫ్లర్లతోనే గడిపాను. తీరా కూర్చుని అల్లితే మడమ మలుపు ఒక్క సాయంత్రంలో అయిపోయింది. అందులో ఉన్నది నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు, రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం, అంతే. కొత్తదల్లా ఒక్కటే: వరస చివరిదాకా వెళ్ళకుండా మధ్యలోనే వెనక్కి తిరగడం. కాగితం మీద చదివితే ఇది బుర్రకెక్కదు. సూదులు చేతిలో పట్టుకుని, చెప్పిన అంకెలు నమ్మి అల్లుకుంటూ పోతే కళ్ళ ముందే గిన్నెలాంటి వంపు తయారవుతుంది.

మీకు కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్ వస్తే చాలు. ఈ మార్గదర్శిలో పైఅంచు నుంచి మొదలుపెట్టి వేళ్ళ దగ్గర ముగించే పద్ధతి చెబుతున్నాను. వేళ్ళ నుంచి పైకి అల్లే పద్ధతీ ఉంది కానీ, నేర్చుకునేవాళ్ళకు ఇదే తేలిక అని నా అభిప్రాయం.

ఊలు, సూదులు

మేజోళ్ళ కోసమే అమ్మే ఊలు సన్నగా ఉంటుంది. 100 గ్రాములకు సుమారు 400 మీటర్లు వస్తుంది, ఒక జతకు ఆ ఒక్క ఉండ సరిపోతుంది. ఎక్కువగా 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిపి తయారుచేస్తారు. ఊలు సాగుతుంది, చెమట పీలుస్తుంది. నైలాన్ మడమ దగ్గర అరుగుదలను తట్టుకుంటుంది.

అయితే మొదటి జతకు ఆ సన్న ఊలు వద్దనే నా సలహా. దానితో చుట్టుకు 64 కుట్లు, 2.25 లేదా 2.5 మిల్లీమీటర్ల సూదులు కావాలి. అంత సన్న పనిలో తప్పు ఎక్కడ జరిగిందో కనిపించదు. దానికంటే కాస్త లావుగా ఉండే డీకే రకం ఊలు తీసుకోండి. 50 గ్రాముల ఉండలు మూడు ఉంటే పెద్దవాళ్ళ జతకు నిశ్చింతగా సరిపోతుంది. రంగు లేతగా, ఒకే రంగుగా ఉండాలి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్లు కంటికి ఆనవు. నూలు దారం కూడా ఇప్పుడే వద్దు. దానికి సాగే గుణం తక్కువ, మేజోడు కాలికి అంటిపెట్టుకోకుండా జారిపోతుంది.

సూదులు రెండు వైపులా మొనలున్నవి, 3.25 మిల్లీమీటర్లవి, ఐదు కావాలి. నాలుగింటి మీద కుట్లు ఉంటాయి, ఐదోదానితో అల్లుతాం. స్టీలు సూదుల మీద కుట్లు జారిపోతాయి కాబట్టి మొదట్లో వెదురువి లేదా చెక్కవి మేలు. పొడవాటి కేబుల్ ఉన్న ఒకే సూదితో మ్యాజిక్ లూప్ పద్ధతిలోనూ అల్లొచ్చు, లెక్కలన్నీ అవే. వీటితోపాటు ఊలు సూది (కుట్టడానికి వాడే పెద్ద కన్ను సూది) ఒకటి, కొలత టేపు, కత్తెర, గుర్తుకు వేరే రంగు దారం ముక్కలు, రాసుకోవడానికి కాగితం, పెన్ను పెట్టుకోండి. ఆ కాగితం ఎంత ముఖ్యమో రెండో మేజోడు మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది.

కొలత, లెక్క

కొలతలు రెండే. ఒకటి, వేళ్ళకు కాస్త వెనక పాదం వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత. రెండు, మడమ వెనక నుంచి బొటనవేలి చివరిదాకా పొడవు. నిలబడి కొలవండి, బరువు పడినప్పుడు పాదం విచ్చుకుంటుంది.

మేజోడు కాలి కొలత కంటే చిన్నగా ఉండాలి. ఈ మాట చాలామందికి వింతగా తోస్తుంది. అల్లిక సాగుతుంది కాబట్టి చుట్టుకొలతలో సుమారు 10 శాతం తగ్గించి అల్లితేనే ఒంటికి పట్టినట్టు ఉంటుంది. సరిగ్గా కాలి కొలతకే అల్లితే బూటులో మడతలు పడి నొక్కుకుంటుంది.

ఇక గేజ్, అంటే 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు పడతాయనే లెక్క. అదే ఊలు, అవే సూదులతో 30 కుట్ల నమూనా ముక్క ఒకటి పది సెంటీమీటర్ల ఎత్తు అల్లి, తడిపి ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. 24 వస్తే ఈ లెక్కలన్నీ యథాతథంగా పనికొస్తాయి. 22 వస్తే మీ చెయ్యి వదులు, ఒక సైజు చిన్న సూది తీసుకోండి. 26 వస్తే ఒక సైజు పెద్దది.

పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లు అనుకుందాం. పది శాతం తీసేస్తే దాదాపు 20. సెంటీమీటరుకు 2.4 కుట్ల చొప్పున 48 కుట్లు. ఇక్కడినుంచి అన్నీ ఈ 48 మీదే చెబుతాను. మీ లెక్క వేరైతే దాన్ని దగ్గర్లో ఉన్న 8 గుణిజానికి సర్దుకోండి: 40, 48, 56. అప్పుడు మడమ లెక్క ఎక్కడా తెగకుండా చక్కగా ముగుస్తుంది.

పైఅంచు

ఇక్కడ చేసే తప్పు చివరిదాకా వెంటాడుతుంది. నా మొదటి మేజోడు అంతా బాగానే వచ్చింది కానీ కాలికి ఎక్కలేదు. కుట్లు బిగించి ఎక్కించడంతో పైఅంచు మడమ దాటలేకపోయింది. మొత్తం విప్పాల్సి వచ్చింది. అందుకే ఒక సైజు పెద్ద సూది మీద, వదులుగా, 48 కుట్లు ఎక్కించండి. పొడవు తోక వదిలి ఎక్కించే పద్ధతి దీనికి బాగుంటుంది. సుమారు మీటరు దారం తోకగా వదలండి.

ఇప్పుడు ఈ కుట్లను నాలుగు సూదుల మీదికి పన్నెండేసి చొప్పున పంచండి. సూదుల్ని చతురస్రంలా బల్ల మీద పరిచి చూడండి. ఎక్కించిన అంచు అంతా లోపలివైపుకే ఉండాలి. ఎక్కడైనా అంచు సూది చుట్టూ మెలి తిరిగి ఉంటే ఇప్పుడే సరిచేయండి. రెండు చుట్లు అల్లాక మెలి కనిపిస్తే విప్పడం తప్ప దారి లేదు.

దారం వేలాడుతున్న సూది కుడిచేతివైపు, మొదటి కుట్టు ఉన్న సూది ఎడమచేతివైపు ఉండేలా పట్టుకుని, ఐదో సూదితో మొదటి కుట్టు అల్లి దారం గట్టిగా లాగండి. గొట్టం కలిసిపోయింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ తయారుచేసిన మేజోళ్ళ యంత్రం కూడా చదునైన ముక్కనే అల్లేది, దాన్ని వెనకవైపు కలిపి కుట్టాల్సి వచ్చేది. మీ చేతిలోని ఐదు సూదులు కుట్టే అవసరం లేని గొట్టాన్ని అల్లుతున్నాయి.

రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున రిబ్ (నిలువు చారలతో బాగా సాగే అల్లిక) అల్లుతూ 5 సెంటీమీటర్లు రండి. మొదటి మూడు నాలుగు చుట్లు నరకంలా ఉంటాయి. సూదులు ఎటంటే అటు జారతాయి, చేతులు సరిపోవనిపిస్తుంది. రెండు సెంటీమీటర్ల గుడ్డ తయారయ్యాక అదే సూదుల్ని పట్టి ఉంచుతుంది. ఆ కాసేపు ఓపిక పట్టండి.

రెండు విషయాలు గమనించుకోవాలి. ఒకటి, మీరు అల్లే సూదులు మీకు దగ్గరగా ఉన్న వైపునే ఉండాలి. అవతలి వైపు అల్లుతుంటే గొట్టం లోపలిది బయటికి తిరిగిందన్నమాట. రెండు, ఒక సూది ముగిసి ఇంకో సూది మొదలయ్యేచోట నిచ్చెనలాగా సందు పడుతుంది. అందరూ కొత్త సూది మీద మొదటి కుట్టును బిగిస్తారు. నిజానికి బిగించాల్సింది రెండో కుట్టును. అది లాగితే మొదటిది కూడా తనంతట తనే సర్దుకుంటుంది.

రిబ్ అయ్యాక అన్ని చుట్లూ నిట్ మాత్రమే. మొత్తం ఎత్తు 15 సెంటీమీటర్లు వచ్చేదాకా హాయిగా అల్లుకుంటూ పోవచ్చు. ఎన్ని చుట్లు అల్లారో కాగితం మీద రాయండి.

మడమ వెనక పట్టీ

చుట్టు ముగిశాక మొదటి రెండు సూదుల మీది 24 కుట్లు మడమవి. మిగతా 24 పాదం పైభాగానివి, అవి వాటి సూదుల మీదే కదలకుండా ఉంటాయి. ఇకనుంచి ఆ మడమ కుట్ల మీదే ముందుకీ వెనక్కీ, చదునుగా అల్లుతాం.

ముందువైపు వరస: ఒక కుట్టును అల్లకుండా కుడి సూదిమీదికి జరపండి, తర్వాతిది నిట్ చేయండి. ఇలాగే ఒకటి జరిపి ఒకటి అల్లుతూ చివరిదాకా రండి. తిప్పండి.

వెనకవైపు వరస: మొదటి కుట్టు జరపండి, మిగతావన్నీ పర్ల్ చేయండి. తిప్పండి.

జరిపే ప్రతిసారీ పర్ల్ చేయబోతున్నట్టు సూది దూర్చాలి. జరిపేటప్పుడు దారం ఎప్పుడూ మేజోడు లోపలికి వచ్చే వైపునే ఉండాలి. ఈ రెండు వరసల్ని 12 సార్లు, అంటే మొత్తం 24 వరసలు అల్లండి. జరిపిన కుట్ల వెనక దారం అదనపు పొరగా పడి పట్టీ మందంగా, మెత్తగా తయారవుతుంది. బూటు రాసుకునేచోట ఈ మందమే మేజోడును కాపాడుతుంది. పట్టీ రెండు పక్కలా గొలుసులాంటి అంచు కనిపిస్తుంది, ఒక్కో పక్క 12 గొలుసు కుట్లు. లెక్కపెట్టి చూసుకోండి, వాటితో త్వరలో పని ఉంది.

మడమ మలుపు

ముందు రెండు తగ్గింపులు తెలుసుకోవాలి. రెండు కుట్లలోకి ఒకేసారి సూది దూర్చి కలిపి నిట్ చేస్తే అది కుడికి వాలుతుంది. దీన్ని కుడివాలు తగ్గింపు అందాం. ఎడమవాలుకు ఒక కుట్టును నిట్ చేయబోతున్నట్టు సూది దూర్చి అల్లకుండా జరపండి, తర్వాతిదాన్నీ అలాగే విడిగా జరపండి. ఎడమ సూది మొనను ఆ రెండింటి ముందువైపు నుంచి దూర్చి రెంటినీ కలిపి నిట్ చేయండి. ప్యాటర్న్‌లలో ఎస్ఎస్‌కే అని రాసేది ఇదే.

ఇప్పుడు వరసలు:

1వ వరస: ఒకటి జరిపి, 12 నిట్, ఎడమవాలు తగ్గింపు, ఒకటి నిట్. ఇంకా 8 కుట్లు మిగిలి ఉంటాయి. వాటిని వదిలేసి తిప్పండి.

2వ వరస: ఒకటి జరిపి, 3 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒకటి పర్ల్. ఈ పక్క కూడా 8 మిగులుతాయి. తిప్పండి.

ఇక్కడ ఆగి సూది వైపు చూడండి. మధ్యలో 6 కుట్లు దగ్గరగా కూర్చుని ఉంటాయి. వాటికి రెండు పక్కలా, వదిలేసిన కుట్లకు ముందు, చిన్న సందు కనిపిస్తుంది. మడమ మలుపు రహస్యమంతా ఆ సందులోనే ఉంది. ఇకపై ప్రతి వరసలో సందుకు ఇవతల ఉన్న ఒక కుట్టును, అవతల ఉన్న ఒక కుట్టును కలిపి ఒకటి చేసి, ఆ పక్కనున్న ఇంకొకటి అల్లి తిరగడమే.

3వ వరస: ఒకటి జరిపి, 4 నిట్, ఎడమవాలు తగ్గింపు, ఒకటి నిట్, తిప్పండి.

4వ వరస: ఒకటి జరిపి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒకటి పర్ల్, తిప్పండి.

ఇలాగే 5వ వరసలో 6 నిట్, 6వ వరసలో 7 పర్ల్, అలా ఒక్కొక్కటి పెంచుకుంటూ 10వ వరసలో 11 పర్ల్ దాకా. అంకె మరిచిపోయినా ఫరవాలేదు, సందు చూసి అల్లండి. 10వ వరస ముగిసేసరికి బయట ఒక్క కుట్టూ మిగలదు, సూది మీద 14 ఉంటాయి. బొటనవేలు లోపల పెట్టి చూడండి, మడమ ఆకారంలో చక్కటి గుంట వచ్చి ఉంటుంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ ప్రతి మేజోడుకూ కలుగుతుంది.

అంకె తేడా వస్తే కంగారుపడి మొత్తం విప్పకండి. పట్టీ దాకా అల్లాక అన్ని మడమ కుట్లలోంచీ వేరే రంగు దారం ఒకటి దూర్చి ఉంచుకుంటే, తప్పు జరిగినా అక్కడిదాకా మాత్రమే విప్పి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

పక్క కుట్లు ఎత్తుకోవడం

14 కుట్లలో మొదటి 7 నిట్ చేసి ఆగండి. అక్కడే, అరికాలి మధ్యలో, ఇకపై చుట్టు మొదలవుతుంది. కొత్త సూది తీసుకుని మిగతా 7 నిట్ చేసి, అదే సూదితో పట్టీ పక్క అంచు వెంట 12 గొలుసు కుట్లలోంచి ఒక్కొక్కటి చొప్పున కొత్త కుట్లు ఎత్తుకోండి. గొలుసు కుట్టు రెండు పోగుల కిందనుంచీ సూది దూర్చి దారం లాగాలి. పట్టీకీ పాదం పైభాగానికీ మధ్య మూల దగ్గర ఇంకొకటి అదనంగా ఎత్తుకోండి. మొత్తం 13. ఆ మూలలోనే అందరికీ రంధ్రం పడుతుంది. అదనపు కుట్టును వచ్చే చుట్టులో వెనక పోగులోంచి అల్లితే అది మెలి తిరిగి రంధ్రం మూసుకుపోతుంది.

ఇది ఒకటో సూది, దానిమీద 20. పాదం పైభాగం 24 కుట్లు అల్లండి, అవి రెండో, మూడో సూదులు. నాలుగో సూదితో రెండో పక్క అంచు వెంట మళ్ళీ 13 ఎత్తుకుని, మొదట అల్లి ఉంచిన 7 కూడా దానిమీదికి అల్లండి. అన్నీ కలిపి 64.

ఎక్కువైన 16 కుట్లను మెల్లగా తగ్గించుకుంటూ వస్తాం. ఒకటో సూది చివర మూడు కుట్లు మిగిలాక కుడివాలు తగ్గింపు, ఒకటి నిట్. రెండు, మూడు సూదులు మామూలుగా నిట్. నాలుగో సూది మొదట్లో ఒకటి నిట్, ఎడమవాలు తగ్గింపు, మిగతావి నిట్. తర్వాతి చుట్టు ఏ తగ్గింపూ లేకుండా నిట్. ఈ జత చుట్లు 8 సార్లు అల్లితే మళ్ళీ సూదికి పన్నెండేసి చొప్పున 48కి వస్తాం. పక్కన త్రికోణంలా ఏర్పడే ఈ భాగాన్నే గసెట్ అంటారు. చీలమండ దగ్గర పాదం ఎత్తుగా ఉంటుంది కదా, ఆ ఎత్తుకు చోటిచ్చేది ఇదే.

పాదం, వేళ్ళు

పాదం పొడవు 24 సెంటీమీటర్లయితే మేజోడు 23 చాలు. వేళ్ళ భాగానికి సుమారు 4.5 సెంటీమీటర్లు పడుతుంది. కాబట్టి మడమ వెనక నుంచి 18.5 సెంటీమీటర్లు వచ్చేదాకా నిట్ చేస్తూ వెళ్ళండి. కాలికి తొడిగి చూసుకోవడం కొలత కంటే నమ్మకం. చిటికెన వేలు పూర్తిగా కప్పుకోగానే తగ్గింపులు మొదలుపెట్టొచ్చు.

తగ్గింపు చుట్టు: ఒకటో, మూడో సూదుల చివర మూడు మిగిలాక కుడివాలు తగ్గింపు, ఒకటి నిట్. రెండో, నాలుగో సూదుల మొదట్లో ఒకటి నిట్, ఎడమవాలు తగ్గింపు. చుట్టుకు నాలుగు తగ్గుతాయి. ఒక తగ్గింపు చుట్టు, ఒక మామూలు చుట్టు చొప్పున ఆరుసార్లు అల్లితే 24 మిగులుతాయి. ఆపైన వరసగా రెండు తగ్గింపు చుట్లు. మిగిలేవి 16.

ఒకటో సూది మీది 4 కుట్లను నాలుగో సూదితో అల్లేయండి. అరికాలివి 8 ఒక సూది మీద, పైభాగానివి 8 ఇంకో సూది మీదికి చేరాయి. సుమారు 35 సెంటీమీటర్ల దారం వదిలి కత్తిరించి ఊలు సూదిలోకి ఎక్కించండి. రెండు సూదుల్ని పక్కపక్కనే, పైభాగం ముందుకు వచ్చేలా పట్టుకోండి. కుడివైపు చివర నుంచి మొదలుపెట్టాలి.

ముందుగా ఒకే ఒక్కసారి: ముందు సూది మొదటి కుట్టులో పర్ల్‌లా ఊలు సూది దూర్చి లాగండి, కుట్టు సూది మీదే ఉండాలి. వెనక సూది మొదటి కుట్టులో నిట్‌లా దూర్చి లాగండి, అదీ సూది మీదే ఉండాలి.

ఆ తర్వాత మంత్రంలా: ముందు నిట్, దించు. పర్ల్, ఉంచు. వెనక పర్ల్, దించు. నిట్, ఉంచు.

అంటే ముందు సూది మొదటి కుట్టులో నిట్‌లా దూర్చి దాన్ని సూది నుంచి దించేయడం, తర్వాతిదాంట్లో పర్ల్‌లా దూర్చి ఉంచేయడం. వెనక సూది మీద దానికి తిరగేసి. పైకే చదువుకుంటూ చేయండి. ఈ పని జరుగుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడకండి, ఫోన్ ఎత్తకండి. మధ్యలో ఆపాల్సివస్తే "వెనక ఉంచు" అయ్యాకే ఆపండి. దారాన్ని బిగించకుండా, మిగతా కుట్లంత వదులుగా ఉంచితే అతుకు ఎక్కడుందో కనిపించదు. ఈ కుట్టుకు కిచనర్ కుట్టు అని పేరు. ఇది కుదరకపోతే మొదటి జతకు మిగిలిన కుట్లలోంచి దారం దూర్చి బిగించి ముడివేసినా నడుస్తుంది, వేళ్ళ దగ్గర చిన్న బొడిపె ఉంటుందంతే.

దారం కొసల్ని లోపలివైపు కుట్లలో ఐదారు సెంటీమీటర్లు దూర్చి దాచేయండి. పైఅంచు దగ్గర కొసను రిబ్ సాగే తీరులోనే వదులుగా దాచండి.

రెండోది, ఉతుకు, మరమ్మతు

మొదటిది ముగిసిన రోజే రెండోదానికి కుట్లు ఎక్కించి కనీసం రెండు చుట్లు అల్లండి. ఒంటరి మేజోళ్ళు మిగిలిపోయేది ఇక్కడే. చేతి బిగువు రోజులు గడిచేకొద్దీ మారుతుంది, నెల ఆగి అల్లితే రెండూ ఒకే సైజు రావు. కాలిభాగం ఎన్ని చుట్లు, పాదం ఎన్ని చుట్లు అనేది కాగితం చూసి అల్లండి, టేపుతో కొలిచి కాదు.

ఉతకడానికి చల్లని నీళ్ళు, తేలికపాటి సబ్బు. వేడినీళ్ళలో వేసి రుద్దితే ఊలు పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని మేజోడు కుంచించుకుపోతుంది, అది మళ్ళీ సాగదు. సూపర్‌వాష్ (ఇలా కుంచించుకుపోకుండా శుద్ధి చేసినది) అని రాసి ఉన్న ఊలైతే ఈ భయం తక్కువ. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి.

మడమ కింద, బొటనవేలి దగ్గర గుడ్డ పలచబడుతుంటే వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. రంధ్రం పడకముందే, మిగిలిన అదే ఊలుతో, ఉన్న కుట్ల దారి వెంటే సూది నడిపి రెండో పొర వేయండి. అందుకే జత ముగిశాక మిగిలిన చిన్న ఉండను పారేయకుండా, ఆ రాసుకున్న కాగితంతో కలిపి ఒక సంచిలో దాచండి.